పనివేళల్లో వృత్తి గ్రూపులు: ఆపేయాలా, వదిలేయాలా?

గాంధీరోడ్డు లెక్కలు | తిరుపతి | ఆదివారం, సాయంత్రం 5.40

ముందే చెబుతున్నాను, ఇది ఆదివారం రాస్తున్నాను. "మీరూ పనివేళల్లోనే ఇక్కడ ఉన్నారుగా" అనే చమత్కారం ఎవరూ చేయనక్కర్లేదు.

మాది చిన్న పన్నుల ఆఫీసు. నేను, నలుగురు సిబ్బంది. క్లయింట్లలో సగం లాడ్జీలు. మిగిలినవి ట్రావెల్స్, పూజాసామగ్రి దుకాణాలు, ఒకటి రెండు పాల డీలర్‌షిప్పులు. మా వాళ్లందరూ జీఎస్టీ గ్రూపుల్లో ఉన్నారు, టెలిగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ. అవి పనికిరానివని నేను అనలేను. 2025 సెప్టెంబరు 22న గదుల మీద పన్ను మారింది. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి 12 శాతం పోయి, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం వచ్చింది. 24 నుంచి బ్రహ్మోత్సవాలు. లాడ్జీల వాళ్లు ఆగస్టులోనే అడ్వాన్సులు పుచ్చుకుని కూర్చున్నారు. అడ్వాన్సు వచ్చింది పాత రేటు రోజుల్లో, భక్తులు దిగేది కొత్త రేటు రోజుల్లో. మరి బిల్లు ఏ రేటుకు? మా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. గ్రూపులో అడ్వాన్సు తేదీయే లెక్క అని కొందరు, బస తేదీయే లెక్క అని కొందరు పోట్లాడుకున్నారు. చివరికి ఒకాయన సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు. సేవ అందింది రేటు మారాక అయితే, డబ్బు ముందే ముట్టినా ఇన్‌వాయిస్ తర్వాత వేస్తే కొత్త రేటే; ఇన్‌వాయిస్, డబ్బు రెండూ ముందే అయిపోయి ఉంటేనే పాత రేటు. అరగంటలో క్లయింట్లందరికీ చెప్పేశాం.

అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని? మామూలు నెలలో 20వ తేదీ చూడండి. నెల పన్ను లెక్క చూపి కట్టే 3బీ రిటర్నుకు గడువు. జీఎస్టీ పోర్టల్ కాస్త నెమ్మదించగానే గ్రూపులో "మీకు తెరుచుకుందా?", "మాకు తిరుగుతూనే ఉంది", "గడువు పొడిగిస్తారట". ఆ 'అట' చదివి మా కుర్రవాడు చేతిలోని రిటర్నులు పక్కన పెట్టేశాడు. పొడిగింపు రాలేదు. రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. క్లయింటు ఎదుట నిలబడి ఆ మాట చెప్పాల్సింది వాడు కాదు, నేను.

ఇంకొక బాధ ఉంది. నలుగురిలోకీ చురుకైన అమ్మాయి గ్రూపులో ఊరూ పేరూ తెలియని వాళ్లకు జవాబులు రాస్తుంటుంది. మంచి జవాబులే. కాని జీతం నేనిస్తున్నాను, జవాబులు విజయవాడకు వెళుతున్నాయి.

పది నుంచి ఆరు వరకు ఫోన్లు డ్రాయర్లో పెట్టించాలా? మీ ఆఫీసుల్లో ఎలా నడుస్తోందో చెప్పండి.

కట్టమంచి | చిత్తూరు | ఆదివారం, రాత్రి 7.15

డ్రాయరు సంగతి మరిచిపోండి సార్. రెండో ఫోను కొనుక్కుంటారు.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. గుజ్జు మీద పన్ను ఎంత అన్న ప్రశ్న మా జిల్లాలో చాలామంది నిద్ర చెడగొట్టింది. ఒక గ్రూపులో 5 శాతం, ఇంకో గ్రూపులో 12, మరోచోట 18. ఎవరి గొంతు పెద్దదైతే వారిదే రేటు. ఒక్కరి దగ్గరా కాగితం లేదు. 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 179వ నంబరు సర్క్యులర్ ఇచ్చి 12 శాతమని తేల్చింది. 2025 సెప్టెంబరుతో ఆ 12 శ్లాబే పోయింది, అది వేరే కథ. ఆ సర్క్యులర్ నా చేతికి వచ్చింది గ్రూపులోనే. అంతకుముందు మూడు రేట్లూ వినిపించిందీ అక్కడే.

మా గదిలో నియమం ఒక్కటే. గ్రూపులో ఏం చూసినా, దాని వెనక సెక్షనో, నోటిఫికేషన్ నంబరో, సర్క్యులర్ నంబరో ఉండాలి. లేకపోతే మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో పడదు. "గ్రూపులో అన్నారు సార్" అంటే నేను తలెత్తి కూడా చూడను. ఇది పెట్టాక గ్రూపు చూడటం దానంతటదే తగ్గింది. నంబరు వెతికి, తెరిచి, చదవాలంటే పని కదా. ఊరికే చదివే సరదా అక్కడే చచ్చిపోతుంది.

కరకంబాడి కోడ్ | తిరుపతి | ఆదివారం, రాత్రి 8.02

ఇంటి నుంచి బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. లెక్కల లోకం నాకు కొత్త, కాని ఈ జబ్బు పాతదే.

మీరు గ్రూపు అంటున్నవి రెండు వేరువేరు సరుకులు. మా ప్రోగ్రామర్లకు 2008 నుంచి స్టాక్ ఓవర్‌ఫ్లో ఉంది. అక్కడ ప్రశ్న ఒక పేజీ. దాని కింద జవాబులు, వాటికి ఓట్లు. అదే ప్రశ్న మళ్లీ అడిగితే మూసేసి పాతదాని వైపు దారి చూపిస్తారు. కొత్తవాళ్లను చాలా కసిరేవారు, అది నిజం. కాని పదేళ్ల కిందటి జవాబు ఈరోజుకూ వెతికితే దొరుకుతుంది. వెళ్లి, తీసుకుని, తిరిగి వచ్చేస్తాం. అక్కడ కూర్చోవడానికి కుర్చీ లేదు.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు, టెలిగ్రామ్‌లో 2 లక్షల దాకా. అంతమంది మాట్లాడుతుంటే నిన్నటి మంచి జవాబు ఇవాళ్టి శుభోదయాల కింద పడిపోతుంది. అందుకే మీ 20వ తేదీ ప్రశ్నలు ప్రతి నెలా కొత్తగా పుడతాయి. ఎప్పుడు ఏం వస్తుందో తెలియదు కాబట్టి చూస్తూనే ఉండాలి. మీ సిబ్బంది బలహీనత అనుకుంటున్నదానిలో సగం ఆ ఏర్పాటు చేసే పనే.

ఇక నష్టం నిమిషాల్లో లెక్కించేది కాదు. అమెరికాలో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు మనుషులు తెర మీద ఒక చోట ఎంతసేపు నిలుస్తారో ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో సగటు రెండున్నర నిమిషాలు. తర్వాతి సంవత్సరాల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఆవిడ బృందం 2008లో ఇంకొకటి చూపించింది: మధ్యలో ఆటంకం వచ్చినవాళ్లు పని ఆలస్యం చేయలేదు, వేగం పెంచి పూర్తి చేశారు. దానికి చెల్లించింది ఒత్తిడి రూపంలో. కాబట్టి "పని అయిపోతోంది కదా" అని యజమాని సంతోషించనక్కర్లేదు, "సమయం వృథా అవుతోంది" అని ఏడవనూ అక్కర్లేదు. సాయంత్రానికి మనిషి ఎలా ఉన్నాడో చూడాలి.

షిఫ్టు సీ | రేణిగుంట | ఆదివారం, రాత్రి 11.50

మా ఫ్యాక్టరీలో ఈ చర్చే లేదు. గేటు దగ్గర లాకర్లో ఫోను పెట్టి లోపలికి వెళతాం. ఎలక్ట్రానిక్స్ లైను. నా అనుభవం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఫోను లేకపోవడం వల్ల ఒకసారి మేలు జరిగింది.

సర్క్యూట్ బోర్డు మీద 0402 సైజు కెపాసిటర్లు అనే బుల్లి భాగాలు ఉంటాయి. మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. వాటిని బోర్డుకు అతికించే లోహాన్ని, అంటే సోల్డరును, కరిగించే ఓవెన్లోంచి బయటికి వచ్చేసరికి కొన్ని ఒక కాలి మీద లేచి నిలబడేవి. టూంబ్‌స్టోన్ అంటాం. ఒక చివరి సోల్డరు ముందు కరిగి, రెండోది కరగకముందే భాగాన్ని తనవైపు లాగేస్తుంది. అన్ని బోర్డుల్లోనూ కాదు, అన్ని చోట్లా కాదు. సూపర్‌వైజరు సోల్డరు పేస్ట్ మార్చమన్నారు. మార్చాం. తగ్గలేదు.

షిఫ్టు అయ్యాక గదికి వెళ్లి, సోల్డరింగ్ పనివాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి రాసే ఒక వేదికలో అడిగాను. జవాబు రాలేదు, ప్రశ్నలు వచ్చాయి. ఓవెన్ ఉష్ణోగ్రత గ్రాఫ్ ఏది? పేస్ట్ పూసే స్టెన్సిల్ రేకు మందం ఎంత? భాగం కాళ్లు కూర్చునే రెండు ప్యాడ్ల కొలతలు సమానమేనా? లేచి నిలబడే భాగాలు బోర్డు మీద ఎక్కడ ఉన్నాయి? మొదట చిరాకు వేసింది. తర్వాతి షిఫ్టులో జేబు పుస్తకంలో ఒక్కొక్కటే రాసుకున్నాను. చివరి ప్రశ్నకు జవాబు రాస్తుండగా బోర్డు పటం తెరిచి చూస్తే, నిలబడే భాగాలన్నిటికీ ఒక కాలు పెద్ద గ్రౌండ్ రాగి పొరకు కలిసి ఉంది. ఆ రాగి వేడిని లాగేసుకుంటోంది. అటువైపు ఆలస్యంగా కరుగుతోంది. మేం వాడే సీసం లేని పేస్ట్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అక్కడికి చేరేలోపు రెండు వైపులూ ఒకే వేడికి రావాలి. 150 నుంచి 200 డిగ్రీల మధ్య బోర్డును ఇంకాస్త ఎక్కువసేపు నిలిపేలా ఓవెన్ సర్దాం. సమస్య దాదాపు పోయింది. వేదికలోకి వెళ్లి జవాబు నేనే రాశాను.

ఫోను చేతిలో ఉండి ఉంటే ఒక ఫొటో తీసి "అన్నా, ఇలా అవుతోంది, ఎందుకు?" అని పెట్టి ఎదురు చూస్తూ కూర్చునేవాడిని.

అయితే లాకరు నియమాన్ని నెత్తిన పెట్టుకోవడం లేదు. రాత్రి రెండింటికి యంత్రం ఏదో ఫాల్ట్ కోడ్ చూపించి ఆగితే, మాన్యువల్ పాతది, సూపర్‌వైజరు కంప్యూటరుకు తాళం. ఆ వేళకు మాకు ఏ వేదికా లేదు.

నిల్వ సరిపోయింది | తిరుపతి | సోమవారం, ఉదయం 8.20

గాంధీరోడ్డు లెక్కలు గారూ, మీ ఆఫీసులోని ఆ అమ్మాయిని నేను కాదు. కాని వేరే ఆఫీసులో ఆ అమ్మాయిని నేనే.

14వ సెక్షన్ తెచ్చి పెట్టిన ఆ ఒకాయన ఎవరండీ? ఆయనా ఎక్కడో జీతానికి పనిచేస్తున్న మనిషే అయి ఉండవచ్చు. ఆయన యజమాని కూడా "జవాబులు తిరుపతికి వెళుతున్నాయి" అని ఫోను డ్రాయర్లో పెట్టించి ఉంటే, ఆ అరగంటలో మీ లాడ్జీలకు ఏం చెప్పేవారు? తీసుకునేటప్పుడు వృత్తి సహకారం, ఇచ్చేటప్పుడు జీతం దండగ. ఈ లెక్క నాకు సరిపోవడం లేదు.

జవాబు రాసేటప్పుడు నేను చదివినంతగా ఇంకెప్పుడూ చదవను. మా ఆఫీసు పనిలో అంతా కాంపోజిషన్ డీలర్లే (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారులు), ఎగుమతులు రావు. ఎగుమతి రీఫండ్ గురించి నాకు తెలిసినదంతా ఇతరుల ప్రశ్నల పుణ్యమే. ఇప్పుడు మా సార్‌కు ఒక ఎగుమతి క్లయింటు వచ్చారు, ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది.

ఇక నా చిరాకు కూడా చెప్పాలి. రాత్రి పదకొండుకు "మేడమ్, ఒక్క చిన్న డౌటు" అని విడిగా సందేశాలు. ఆ చిన్న డౌటుకు మూడేళ్ల లెక్కలు జతచేసి ఉంటాయి. ఇంకా ఘోరం, పోర్టల్ తెర ఫొటో తీసి క్లయింటు నంబరుతో, అమ్మకాల మొత్తంతో సహా గ్రూపులో పెట్టేవాళ్లు. మన రాష్ట్రపు జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్. నంబరు దుకాణం బోర్డు మీద ఉండాల్సిందే, దాన్లో రహస్యం లేదు. ఆయన నెల అమ్మకం ఎంతో మాత్రం బోర్డు మీద ఉండదు కదా? గ్రూపులో ఆ ఊరి పోటీదారుడి అకౌంటెంటు కూడా ఉంటాడు. యజమానులు సమయం గురించి కాదు, దీని గురించి కంగారు పడాలి.

కొత్త సభ్యుడు 88 | చిత్తూరు | సోమవారం, ఉదయం 9.05

సార్, మా షాపుకు నోటీసు వచ్చింది. ఫొటో పెడుతున్నాను, ఎవరైనా చూసి చెప్పండి.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 9.11

పై ఫొటో తీసేశాను. ఒక్క వ్యాఖ్య పైకి చూసి ఉంటే ఎందుకో తెలిసేది. నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చిందో, ఏ నెలకు సంబంధించినదో మాటల్లో రాసి 'నోటీసులు' విభాగంలో అడగండి.

విశ్రాంత క్యాషియర్ | తిరుపతి | సోమవారం, ఉదయం 10.30

మా బ్యాంకులో సర్క్యులర్ వస్తే అందరూ చదివి సంతకం పెట్టాలి. చదవకుండానే సంతకం పెట్టేవాళ్లు అప్పుడూ ఉండేవారు. అందువల్ల పాతకాలాన్ని పొగడను. కాని ఒక మేనేజరుగారు శనివారం మధ్యాహ్నం కౌంటరు మూశాక ఒకరిని లేపి ఆ వారం సర్క్యులరు చెప్పించేవారు. ఎవరిని లేపుతారో ముందు తెలియదు. అంతే, అందరూ చదివేవాళ్లు. మీ నలుగురితో అది చేసి చూడండి. ఫోను ఎక్కడుందో ఎవరికీ పట్టదు.

నైట్ డ్యూటీ | చిత్తూరు జిల్లా | సోమవారం, మధ్యాహ్నం 1.45

కరకంబాడి కోడ్ గారితో కొంత విభేదిస్తాను. చాట్ అంతా చేటు కాదు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఛాతీ నొప్పితో రోగి వస్తే ఈసీజీ తీసి, పేరున్న భాగం మూసి, వయసు, నొప్పి మొదలైన సమయం రాసి గ్రూపులో పెడతాం. అవతల గుండె వైద్యులు ఉంటారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సిన రోగి అయితే, వచ్చిన 30 నిమిషాల్లో ఇవ్వాలన్నది లక్ష్యం. అక్కడ వెతికే పేజీ, ఓట్లు, పాత జవాబులు పనికిరావు. ఆ క్షణాన ఫోను చూస్తున్న ఒక మనిషి కావాలి.

అది పనిచేస్తున్నది ఎందుకంటే అందులో మరేమీ రాదు. పండుగ శుభాకాంక్షలు పెట్టినందుకు ఒక సీనియర్ డాక్టరునే తీసేశారు. ఆయన నొచ్చుకున్నారు, తర్వాత మళ్లీ చేర్చారు, మళ్లీ పెట్టలేదు. బదిలీలు, కరువు భత్యం కబుర్లకు వేరే గ్రూపు ఉంది. దాన్ని నేను మ్యూట్‌లో పెట్టాను.

అలిపిరి మెట్లు | తిరుపతి | సోమవారం, మధ్యాహ్నం 3.10

ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. మీ కుర్రవాడు గడువు పొడిగింపు గురించి గ్రూపును నమ్మాడు. పక్క గదిలో ఉన్న మిమ్మల్ని ఎందుకు అడగలేదు? నేను పనిచేసిన ఒక చోట సందేహం అడిగితే "ఇన్నేళ్ల నుంచి ఏం నేర్చుకున్నావు?" అని మొదలయ్యేది. గ్రూపులో ఆ మాట అనేవాళ్లు ఉండరు, ఉన్నా మొహం కనిపించదు. అపరిచితులను అడగడం కొన్ని ఆఫీసుల్లో అందుకే సులువు.

గాంధీరోడ్డు లెక్కలు | తిరుపతి | సోమవారం, రాత్రి 8.35

అలిపిరి మెట్లు గారి వ్యాఖ్య గుచ్చుకుంది. అయినా సాయంత్రం నలుగురినీ కూర్చోబెట్టి అడిగాను. వాళ్లు చెప్పింది వేరు.

ఒకటో తేదీ నుంచి ఎనిమిది దాకా మా దగ్గర చేతికి పని లేదు. లాడ్జీల వాళ్లు బిల్లులు పంపరు. తొమ్మిదో తేదీ రాత్రి సంచి నిండా కాగితాలు వస్తాయి, పదకొండుకు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు. ఆ రెండు రోజులు ఎవరూ ఫోను ముట్టరు. మళ్లీ పద్నాలుగున పోర్టల్‌లో 2బీ (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టిక) వస్తుంది, కొనుగోళ్లతో సరిచూడాలి, మళ్లీ క్లయింటు కోసం ఎదురుచూపు, పద్దెనిమిది నుంచి పరుగు. వాళ్లు గ్రూపులు చూసేది ఎక్కువగా ఆ ఖాళీలోనే. నా కంట పడేది మాత్రం నేను బయటి నుంచి వచ్చిన క్షణం.

జవాబులు రాసే అమ్మాయితో ఒక ఒప్పందానికి వచ్చాం. జవాబు మొదట మా ఆఫీసు ఫైల్లో రాయాలి, సెక్షన్ నంబరుతో సహా. తర్వాత గ్రూపులో పెట్టుకోవచ్చు. తన పేరుతోనే, ఆఫీసు పేరుతో కాదు. మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు వరకు. 9 నుంచి 11, 18 నుంచి 20 తేదీల్లో అదీ లేదు. ఆ తేదీల్లో పోర్టల్ సంగతి చూసే బాధ్యత వంతులవారీగా ఒక్కరిది. మిగిలినవాళ్లు ఆ ఒక్కరిని అడగాలి.

నిల్వ సరిపోయింది | తిరుపతి | సోమవారం, రాత్రి 9.00

ఫైల్లో ముందు రాయాలన్నది బాగుంది, మా సార్‌కు చూపిస్తాను. అరగంట సంగతి నాకు నచ్చలేదు. ప్రశ్నలు వచ్చేది సాయంత్రం. రెండున్నరకు వెళితే అప్పటికే ఎవరో తప్పు జవాబు ఇచ్చి, దానికి ఇరవై మంది దండాలు పెట్టి ఉంటారు. దాన్ని సరిదిద్దడానికే ఆ అరగంట సరిపోతుంది.

అలిపిరి మెట్లు | తిరుపతి | సోమవారం, రాత్రి 9.20

నలుగురినీ ఒకేసారి, మీ ఎదుట కూర్చోబెట్టి అడిగారు. అలా అడిగితే క్లయింట్ల మీద తప్ప ఇంకెవరి మీద చెబుతారు సార్?

గాంధీరోడ్డు లెక్కలు | తిరుపతి | సోమవారం, రాత్రి 9.32

చెప్పింది అబద్ధమైతే తొమ్మిదో తేదీ సంచి అబద్ధమా? అది నా బల్ల మీదకే వస్తుంది.

కరకంబాడి కోడ్ | తిరుపతి | సోమవారం, రాత్రి 9.50

ఆ ఫైలు వర్డ్‌లో ఉంచకండి, ఆరు నెలల తర్వాత అందులో ఎవరూ ఏమీ వెతకలేరు. షీటులో నాలుగు గడులు చాలు: ప్రశ్న, జవాబు, సెక్షన్ లేదా సర్క్యులర్ నంబరు, తేదీ. రేటు మారితే పాత వరుస చెరిపేయకుండా కింద కొత్తది చేర్చండి. లాడ్జీల 12 శాతం జవాబు ఇప్పుడు తప్పే, కాని పాత సంవత్సరం నోటీసు వచ్చిన రోజున అదే కావాలి.

కట్టమంచి | చిత్తూరు | మంగళవారం, ఉదయం 7.30

అసలు రోగం బయటపడింది కదా, దానికి మందు చెబుతాను. నేను ఫ్యాక్టరీలోకి రాకముందు మీలాంటి పన్నుల ప్రాక్టీసు ఆఫీసులో పనిచేశాను. ఐదో తేదీలోపు బిల్లులు ఇచ్చినవారికి ఒక ఫీజు, ఎనిమిది దాటితే ఇంకో ఫీజు అని ఏడాది మొదట్లోనే కాగితం మీద రాసి ఇచ్చేవాళ్లం. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వాట్సాప్‌లో రోజువారీ పంపడం మొదలుపెట్టారు. లాడ్జీలకైతే బుకింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే నెలవారీ నివేదిక తీసుకోవచ్చు, సంచి ఎందుకు?

గాంధీరోడ్డు లెక్కలు | తిరుపతి | మంగళవారం, ఉదయం 7.48

సగం లాడ్జీల్లో సాఫ్ట్‌వేర్ అంటే రిసెప్షన్లో ఉన్న పెద్దాయన, ఆయన చేతిలో రిజిస్టరు. వాళ్లకు రెండు ఫీజుల మాట ఎలా చెప్పాలి? మీరు ఇచ్చిన ఆ కాగితం నమూనా ఉంటే పేర్లు తీసేసి పెట్టగలరా?

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 8.05

బిల్లులు ఆలస్యంగా ఇచ్చే క్లయింట్లు, ఫీజుల సంగతి 'ప్రాక్టీసు నిర్వహణ' విభాగంలో వేరే చర్చగా తెరిచాను. కట్టమంచి గారు నమూనా అక్కడ పెట్టండి. షిఫ్టు సీ గారి ఓవెన్ వ్యాఖ్యను 'పరిశ్రమ' విభాగంలో కూడా ఉంచాను, అక్కడ ఇద్దరు ఉష్ణోగ్రత గ్రాఫ్ అడుగుతున్నారు.